పదకొండు కెపాసిటర్లు, ఒకే ధర

మా నాన్నకు వరంగల్ బజారులో స్టీలు సామాన్ల కొట్టు ఉండేది. గల్లాపెట్టె వెనక గోడకు ఎర్రక్షరాల రేకు బోర్డు ఒకటి వేలాడేది: ‘ఒకే ధర’. ఆ బోర్డు కింద కూచునే ఆయన పొద్దున్నుంచి సాయంత్రం దాకా బేరాలు చేసేవాడు. మరి ఆ బోర్డు ఎందుకని చిన్నప్పుడు ఒకసారి అడిగాను. "అది లేకపోతె బేరం యాడ మొదలుపెట్టాల్నో గిరాకికి ఎట్ల తెలుస్తది బిడ్డా?" అన్నాడు.

నా చదువు అక్కడే పూర్తయింది. తరవాత తెచ్చుకున్న డిప్లొమా కాగితం ఉద్యోగం కోసమే.

కొత్తగా ఫ్యాక్టరీల్లో చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నేను గెలిచిన బేరాలు చెప్పమంటే మా మనవరాలు నిద్రపోయేదాకా చెబుతాను. ఆమె త్వరగా నిద్రపోవడానికి కారణం కూడా అవేనని మా ఆవిడ అంటుంది. ఇది ఓడిపోయిన బేరం గురించి. అందులోనూ అవతల ఎవరున్నారో తెలియకుండా ఆడిన బేరం.

మా కంపెనీ పెద్దదేం కాదు. హనుమకొండ దాటాక ఒక రేకుల షెడ్డు, ముప్పై మంది మనుషులు. రైతు ఇంట్లో కూచుని ఫోన్ నొక్కితే పొలం దగ్గర మోటారు నడిచే డబ్బాలు తయారుచేసేవాళ్లం. యజమాని పత్తి వ్యాపారుల కుటుంబంవాడు, నాకంటే ఇరవై ఏళ్లు చిన్న, నన్ను ‘కాకా’ అనేవాడు. నేను కొనుగోళ్ల మేనేజర్ని. డిజైన్ చేసేవాళ్లు కావలసిన సామాన్ల లిస్టు రాసి ఇస్తారు. నేను ఎర్ర పెన్సిల్ తీసుకుని కూచుంటాను. దేన్నయినా తీసేసి చూడటం, బోర్డు పనిచేస్తే అది దండుగ సామాను అని కొట్టేయడం. ఇదే నా శాస్త్రం. చాలా ఏళ్లు అది నన్ను మోసం చేయలేదు, లేదా చేసినా నాకు చెప్పలేదు.

నా రిటైర్మెంటు ఇంకా ఆరు నెలలుందనగా ఒక అమ్మాయి డిజైన్ ఇంజినీరుగా చేరింది. హసన్‌పర్తి నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఆమె కూడా ఆరు నెలల ప్రొబేషన్ మీద ఉంది. అంటే ఇద్దరం ఒకే రోజుల్లో తేలాల్సినవాళ్లం: నేను బయటికి, ఆమె లోపలికి. ఇలాంటి డిజైన్ పని ఈ ఊళ్లో ఇంకెక్కడా లేదు. ఇది పోతే హైదరాబాదులో హాస్టల్ గది, ట్రాఫిక్. అది ఆమెకు ఇష్టం లేదు.

కొత్త డబ్బా కోసం ఆమె తెచ్చిన మొదటి లిస్టులో బోర్డుకు ఆరు పొరలు ఉన్నాయి. పీసీబీ అనే ఆ బోర్డు పైకి ఆకుపచ్చ పలక గానీ, లోపల రాగి రేకులు పొరలు పొరలుగా ఉంటాయి.

"ఆరెందుకు బిడ్డా? నాలుగు చాలవా?"

"నాలుగైతే అయిదు వోల్టుల రాగిరేకు, మూడు వోల్టుల రాగిరేకు ఒకటే పొరల పక్కపక్కన పెట్టాల్సొస్తది సార్. మధ్యల గ్యాప్ ఉంటది. ఆ గ్యాప్ మంచిది కాదు."

"ఎంత గ్యాప్?"

"గోరు మందమంత."

"గోరు మందానికి రెండు పొరలా? మా బజార్ల కొట్టుకూ కొట్టుకూ మధ్యల గింతకంటె ఎక్కువ సందు ఉంటది, ఎవరికేమైతాంది?"

రెండు రోజులు బేరం నడిచింది. చివరికి ఆమె నాలుగు పొరలకు దిగింది, కానీ ఒక షరతు మీద: ఆ గ్యాప్ పొడుగునా అటూ ఇటూ కాళ్లు పెట్టి నిలబడేలా పదకొండు చిన్న కెపాసిటర్లు ఉండాలి. నేను ఆరన్నాను. పదకొండంది. ఎనిమిదన్నాను. పదకొండంది. "జర నువ్వు కూడా దిగాలె కదా, బేరమన్నంక" అన్నాను. "నేను రెండు పొరలు దిగిన కద సార్" అంది. పదకొండుకు ఒప్పుకున్నాను. ఒప్పుకున్నానని ఆమె అనుకుంది.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. ఆ కెపాసిటర్లు ఆవగింజకంటే కొంచెం పెద్దవి. గోధుమరంగు. వాటి మీద ఏమీ రాసి ఉండదు. విలువ ఎంతైనా చూపుకు అన్నీ ఒకటే. మా గోడౌన్లో పాత డబ్బా తాలూకు కెపాసిటర్లు చుట్టిన రీలు ఒకటి మిగిలి ఉంది. అదే సైజు, అదే రంగు, వేల కొద్దీ ముక్కలు. విలువ మాత్రం ఆమె అడిగినదాంట్లో వెయ్యో వంతు కూడా లేదు. కానీ కొట్లో పెరిగినవాడికి నిలవ సరుకు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. కొత్త గిన్నెతోపాటు పాత మూతను అంటగట్టిన వంశం మాది.

పాత రీలు ముక్కలు వేసి ఒక బోర్డు చేయించాను. మోటారు ఆన్ అయింది, ఆఫ్ అయింది, ఫోనుకు మెసేజ్ వచ్చింది. నా శాస్త్రం ప్రకారం పరీక్ష పాసు. సూపర్‌వైజర్‌తో, "మొత్తం లాటుకు ఇదే రీలు ఎక్కియ్యి" అన్నాను. రెండు వందల బోర్డులు. ఆమెకు చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పేంత పెద్ద సంగతి అనిపించలేదు. అలా అని నాకు నేను చెప్పుకున్నాను.

ఆ రోజుల్లోనే క్యాంటీన్ అక్క మొర మొదలైంది. మా షెడ్డు వెనక వంట చేసే ఆమెను అందరం అక్క అనేవాళ్లం. కిటికీలో ఒక చిన్న ఎఫ్ఎం రేడియో పెట్టుకుని పాటలు వింటూ ఉల్లిగడ్డలు కోసేది.

"సారూ, మీ కొత్త డబ్బ నడిపిచ్చినప్పుడల్ల నా రేడియో గుర్రు పెడతాంది."

"పాత రేడియో అక్కా. కొత్తది కొనుక్కో."

"పాతదే. మొన్నటిదాక మంచిగ పాడింది. ఆ పిల్ల చేతితోని చేసిన రెండు డబ్బలు పెట్టినప్పుడు గూడ పాడింది. ఇప్పుడే ఏడుస్తాంది."

"అవతలి కిటికీకి మార్చుకో మరి."

"అక్కడ పొయ్యి ఉన్నది సారూ. రేడియో వండుమంటవా?"

ఆమె మాటలో మొత్తం కేసు ఉంది. అబద్ధం ఎక్కడుందో కూడా చెప్పింది. నేను ఆమెకు వెల్లుల్లి చట్నీ చేసే పని అప్పజెప్పి పంపేశాను.

మా డబ్బాలు కొనే పెద్ద పార్టీ ఒక మెలిక పెట్టింది. డబ్బా నుంచి అనవసరమైన తరంగాలు బయటికి రావడం లేదని హైదరాబాదు ల్యాబులో పరీక్ష చేయించి కాగితం తేవాలి. కాగితం లేకపోతే ఆర్డరు లేదు. ఒక రోజు తెల్లారగానే కాజీపేటలో రైలెక్కాము, ఆ అమ్మాయీ నేనూ, ఒళ్లో డబ్బా, చేతిలో టిఫిన్ క్యారియర్. రైల్లో ఆమె మాట్లాడలేదు. నేను మాట్లాడటం ఆపలేదు.

ల్యాబులో ఒక గది. నాలుగు గోడలకూ పైకప్పుకూ మొనలు మొనలుగా నురుగు దిమ్మలు. మధ్యలో బల్ల మీద మన డబ్బా. దూరంగా ఇనప చేపముల్లులాంటి యాంటెన్నా. బయట తెరమీద ఒక ఎర్ర గీత. డబ్బా ఊపిరి ఆ గీత దాటకూడదు. ఆన్ చేశారు. తెరమీద గడ్డిలాగా కిందనే పాకుతున్న గీతలో ఒకచోట తాటిచెట్టు లేచింది. ఎర్ర గీత దాటి, చాలా పైకి.

"ఫెయిల్," అన్నారు ల్యాబు అధికారి, టీ తాగుతూ.

"ఎంత దాటింది సార్?"

"తొమ్మిది డెసిబెల్స్."

"మీరు తొమ్మిదంటున్నరు. మేము అసలు లేదనుకున్నం. నడిమిట్ల ఒక నాలుగు అనుకుందామా?"

ఆయన కప్పు కింద పెట్టారు. "ఇది నేను చెప్పే రేటు కాదండీ. యాంటెన్నా చెప్పింది."

"యాంటెన్నాను జర వెనక్కి జరిపితే?"

"దూరం కూడా రూలే."

"పోనీ, పొలంల పెట్టే డబ్బ సార్ ఇది. చుట్టూ మొక్కజొన్న తప్ప ఎవ్వరుండరు. మొక్కజొన్న రేడియో వినదు గదా."

అమ్మాయి నా చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది. నేను ఆగలేదు. లోహపు డబ్బాలో పెడితే తరంగాలు బయటికి రావని ఎక్కడో విన్నాను. స్టీలు నా పుట్టిల్లు. టిఫిన్ క్యారియర్ పెద్ద గిన్నెలోని అన్నం పప్పు గబగబా తినేసి, కడిగి, తుడిచి, బోర్డును అందులో పెట్టి మూత బిగించాను. వైర్ల కోసం మూత పక్కన కొంచెం సందు వదిలాను. తాటిచెట్టు కాస్త కుంగి, పక్కన ఇంకో రెండు పిల్ల తాటిచెట్లు లేచాయి.

"సార్," అంది అమ్మాయి నెమ్మదిగా, "రేకు ఎంత మందమున్నా సందు ఉంటే సందుల నుంచి వస్తది. వైర్లు కూడా బయటికి మోసుకొస్తయి."

"ఇంకో సంగతి," అన్నారు అధికారి, "మా గదిలో పప్పు తాలింపు వాసన వస్తోంది."

మళ్లీ పదిరోజులకు తారీఖు ఇచ్చారు. దాని మీద నేను బేరమాడలేదు.

తిరుగు రైల్లో నన్ను మాట్లాడనివ్వకుండా ఆమె మాట్లాడింది. నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను. ఆమె అడిగింది:

"సార్, మీ కొట్టు ముందట మోరీ ఉంటదా?"

"బజార్ల అన్ని కొట్ల ముందట మురికినీళ్ల కాల్వ ఉంటది. దాటి రావడానికి మీద బండలు ఏస్తం."

"ఆ బండలు తీసేస్తే గిరాకి ఎట్ల వస్తది?"

"గల్లీ చివరిదాక పోయి తిరిగి రావాలె. తిట్టుకుంట వస్తరు."

"గంతే సార్. పైన పోయే సిగ్నల్‌కు కింద రాగిరేకుల తిరుగుదారి కావాలె. గ్యాప్ దగ్గర దారి తెగుతది. అది చుట్టూ తిరిగి పోతాంటే ఆ గ్యాప్ మొత్తం ఏరియల్ లెక్క అయి అరుస్తది. ఆ అరుపే మనం తెర మీద చూసింది. అందుకే పదకొండు బండలు పెట్టిన. అవి ఉన్నయి గద, మరి ఎందుకు అరుస్తాందో సమజైతలేదు."

"కెపాసిటర్లే మంచియి కాకపోతె?" అన్నాను.

"అవి చూసే పనే లేదు సార్. మీరు కొన్నయి గద."

జనగామ దాటేసరికి నాకు లెక్క తెలిసిపోయింది. బండల బదులు నేను అట్టముక్కలు వేశాను. చూపుకు బండలే.

మర్నాడు యజమాని ఇద్దర్నీ పిలిచాడు. అరవలేదు, అరిస్తే బాగుండేది. "కాకా, పార్టీ ఇంకొక్క ఛాన్స్ ఇచ్చింది. అప్పుడు గూడ ఫెయిలైతే డిజైన్ హైదరాబాద్‌ల వేరేవాళ్లకు ఇచ్చుడే," అన్నాడు. అమ్మాయివైపు చూడకుండా, "ప్రొబేషన్ సంగతి గూడ అప్పుడే చూద్దాం," అన్నాడు. ఆమె తల ఊపింది. బోర్డు మొత్తం మళ్లీ గీస్తానంది. తనే తప్పు చేశానని నమ్మింది. ఆ రోజు నుంచి సాయంత్రం ఆరుగంటల బస్సు మానేసి ఏడున్నర బస్సుకు పోయేది.

నాకు మూడు దార్లు కనిపించాయి. ఒకటి, చెప్పేయడం. రెండు, చెప్పకుండా ఉండటం. మూడు, చెప్పకుండానే బాగుచేయడం. బేరగాడు ఎప్పుడూ మూడోదే ఎంచుకుంటాడు. సరైన కెపాసిటర్ల రీలు తెప్పించాను. మధ్యాహ్నం అందరూ తిండికి పోయిన సమయంలో ఆమె బల్ల దగ్గర కూచుని, రెండు జతల కళ్లద్దాలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, పదకొండూ మార్చేద్దామని సోల్డరింగ్ కడ్డీ పట్టుకున్నాను. ఆమె మళ్లీ ఆన్ చేసేసరికి నిశ్శబ్దంగా ఉంటుంది, ఎలా బాగుపడిందో దేవుడికే తెలుస్తుంది, నాకు రిటైర్మెంటు దండ, ఆమెకు ఉద్యోగం.

మొదటి కెపాసిటర్ ఊడింది. ఎటు పోయిందో ఈ రోజుకూ తెలియదు. రెండోదాని దగ్గర నా బొటనవేలు కాలింది. అరుపు విని క్యాంటీన్ అక్క వచ్చింది.

"ఏం చేస్తానవ్ సారూ?"

"ఏం లేదక్కా. చూస్తాన."

"కండ్లద్దాల మీద కండ్లద్దాలు పెట్టుకొని చూస్తానవా?"

ఆమె వెనకే అమ్మాయి వచ్చింది, చేతిలో అక్క రేడియో. దాని ఏరియల్‌కు చిన్న తీగ ఉంగరంలా చుట్టి ఉంది. అరుపు బోర్డులో ఎక్కడ పుడుతోందో దాంతో వెతుకుదామని అడిగి తెచ్చుకుందట. నన్నూ, నా వేలునూ, బల్ల మీద కొత్త రీలునూ చూసింది. గోడవారన ఉన్న ఇంకో బోర్డు ఆన్ చేసి ఉంగరాన్ని దానిమీద నడిపించింది. గ్యాప్ దగ్గరికి రాగానే రేడియో పొట్టేలులా అరిచింది. తరవాత అల్మారాలోంచి తన చేత్తో చేసిన మొదటి నమూనా తీసి ఆన్ చేసింది. అదే గ్యాప్, అదే ఉంగరం. పాట వచ్చింది, ఏ తేడా లేకుండా.

"నెల రోజుల సంది చెప్తాన," అంది అక్క.

అమ్మాయి నావైపు తిరిగింది. "రెండిట్లనూ డిజైన్ ఒకటే సార్. మరి ఏం తేడా?"

ఇక్కడ కూడా నేను బేరం మొదలుపెట్టాను. అలవాటు. "తప్పంటె తప్పు గాదు బిడ్డా. గోడౌన్ల ఒక రీలు ఉండె. సైజు అదే, రంగు అదే…"

"విలువ?"

చెప్పాను. ఆమె స్టూలు మీద కూచుంది.

"ఎన్ని బోర్డులకు?"

"అన్నిటికి."

"ఆరు రోజుల సంది నేను నా తప్పు కోసం దేవులాడుతాన సార్. మా అమ్మతోని గూడ చెప్పిన, నాకు ఈ పని రాదేమోనని."

అది వినగానే నా బొటనవేలు నొప్పి ఆగిపోయింది. ఇంకెక్కడో మొదలైంది.

"నీకు చెప్పిన గద," అన్నాను. "సగం చెప్పినట్టే. యజమానికి నువ్వు నీ తీరుగ…"

"సగం లేదు సార్."

"జర ఆలోచించు. ఇంకో ఆర్నెల్లు గూడ లేదు నాకు…"

"పోతవా, నేను పోయి చెప్పాల్నా?" అంది క్యాంటీన్ అక్క. గరిటె చేతిలోనే ఉంది.

వెళ్లాను. యజమాని గది తలుపు దగ్గర ఆగి, ఎలా మొదలుపెట్టాలో లెక్కలు వేశాను: సూపర్‌వైజర్ కూడా చూడలేదు, కెపాసిటర్ల మీద ఏమీ రాయని కంపెనీ తప్పూ కొంత ఉంది, పాత డబ్బాకు అన్ని ముక్కలు తెప్పించిన పాత డిజైనరుదీ ఉంది. తప్పును నలుగురికి పంచితే నా వాటా చిన్నదవుతుంది. లోపలికి పోయి నోరు తెరిస్తే వచ్చింది మాత్రం, "అమ్మాయి తప్పు లేదు. మొత్తం నాదే," అని. ముప్పై ఏళ్లలో మొదటి మాటే చివరి మాటగా చెప్పడం నాకు అదే మొదటిసారి. ఎంత తొందరగా అయిపోయిందో చూసి నాకే ఆశ్చర్యం వేసింది. మామూలుగా టీ వచ్చేదాకానైనా పట్టేది.

యజమాని పెన్ను పక్కన పెట్టాడు.

"కాకా, చెప్పకపోతె ఎవ్వరికి తెల్వకపోవు. దండ ఏసుకొని పోయెటోనివి."

"క్యాంటీన్ అక్కకు తెలుస్తది," అన్నాను.

ఆయన నవ్వాడు గానీ శిక్ష తగ్గించలేదు. ఆ రోజునుంచీ సామాన్ల లిస్టు మీద ఆమె సంతకం లేకుండా గోడౌన్ తాళం నా చేతికి రాదు. రెండు వందల బోర్డుల మీది గోధుమరంగు ముక్కలు ఊడబీకే పనిలో ఆపరేటర్ల పక్కన నేను కూడా కూచోవాలి. కూచున్నాను. యాభై ఎనిమిదో ఏట సోల్డరింగ్ నేర్చుకున్నాను. ఆపరేటర్లు నన్ను ‘ట్రైనీ’ అని పిలిచారు. నా ముక్కలు రెండు వంకరగా ఉంటే మళ్లీ ఊడదీసి మళ్లీ పెట్టమన్నారు. పెట్టాను. ఒక్కో బోర్డు పూర్తవగానే అక్క కిటికీ దగ్గరికి తీసుకుపోయేవాళ్లం. రేడియో పాడితే పాసు. ఒకటి గుర్రుమంటే అక్క లోపలినుంచే, "ఇది సారు చేసిందే," అనేది. తప్పేది కాదు.

పదోరోజు మళ్లీ అదే ల్యాబు. అధికారి నన్ను చూసి, "ఈసారి క్యారియర్‌లో ఏం కూర?" అన్నారు. "పచ్చిపులుసు, సార్. మూత తియ్యను" అన్నాను. ఆన్ చేశారు. తెరమీద గడ్డే గడ్డి. ఒకటి రెండు చోట్ల మోకాలెత్తు పొదలు. ఎర్ర గీత ఎక్కడో పైన, ఖాళీగా.

"పాస్. ఆరు డెసిబెల్స్ కింద ఉంది."

అమ్మాయి కళ్లు మూసుకుని తెరిచింది. గట్టిగా ఊపిరి వదిలింది, అంతే. నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

"ఆరు మిగిలినయి గదా సార్. వచ్చే డబ్బకు జమ చేసుకుంటరా?"

"బయటికి నడవండి," అన్నారు ఆయన, కాగితం మీద ముద్ర కొడుతూ.

అమ్మాయి ఉద్యోగం ఖాయమైంది. ఆ వారం నేను మా పాత కొట్టుకు పోయాను. ఇప్పుడు మా తమ్ముడి కొడుకు నడుపుతున్నాడు. గిరాకీలు ఫోనులో రేట్లు చూసుకుని వస్తున్నారు కాబట్టి ఆ రేకు బోర్డు అటక మీదికి చేరింది. దుమ్ము దులిపి తెచ్చి ఆమె బల్ల వెనక గోడకు నేనే మేకు కొట్టి తగిలించాను. ఆమె అడిగింది, ఇదేంటని. మా నాన్నదని మాత్రం చెప్పాను. దాని కింద ఏం జరిగేదో చెప్పలేదు.

నా చివరి రోజు. దండలు, శాలువా, అందరి ముందూ క్యాంటీన్ అక్క ప్రసంగం. "ఈ సారు పోతాండంటె నా రేడియోకు నిమ్మళమాయె" అన్నది ఆమె మొత్తం ప్రసంగం. అంతా అయ్యాక, వచ్చే లాటు లిస్టు మీద సంతకం కోసం అమ్మాయి దగ్గరికి వెళ్లాను. చేయాల్సిన ఆఖరి పని. ఆమె తల వంచుకుని ఏదో గీస్తోంది. చేతిలో ఉన్నది నా ఎర్ర పెన్సిలే. ఎప్పుడు తీసుకుందో తెలియదు, నేను అడగలేదు.

"బిడ్డా, ఆరు డెసిబెల్స్ ఎట్లాగు మిగిలే ఉన్నయి. పోయేటోని మాట ఒకటి. పదకొండును పది చేద్దామా?"

ఆమె తల ఎత్తలేదు. పెన్సిల్ మాత్రం ఎత్తి, తన వెనక గోడమీది బోర్డును చూపించింది.

నేను పుట్టకముందు నుంచి ఉన్న బోర్డు అది. అది తన మాట మీద నిలబడటం నేను ఆ రోజే చూశాను.